మండలిలో పార్టీల బలం: గ్రూప్-2 వాళ్లు బట్టీ పట్టకుండా చదివే పద్ధతి

గ్రూప్-2 ఎంపిక లిస్టులో నా నంబరు చూసుకున్న సంతోషంలోనే ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ప్రిపేరవుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఎక్కువగా అడుగుతున్నది శాసనమండలి గురించే.

మండలి ఏర్పాటు, రద్దు గురించి చెప్పే 169, దాని కూర్పు చెప్పే 171 అధికరణలు మీకు తెలిసినవే. 171 లెక్క మాత్రం ఒక్కసారైనా చేత్తో వేయండి. మండలి సీట్లు అసెంబ్లీ సీట్లలో మూడో వంతు మించకూడదు; 175లో మూడో వంతు 58. స్థానిక సంస్థలకు 20, ఎమ్మెల్యేల కోటాకు 20, పట్టభద్రులకు 5, ఉపాధ్యాయులకు 5. నామినేటెడ్ అంటే ఆరో వంతు కదా అని 10 పెడితే మార్కు పోతుంది. రాజ్యాంగం అక్కడ వంతు చెప్పలేదు, మిగిలినవి అంది. అందుకే 8. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో మండలికి మొదట ఉన్నది 50, 2015 సవరణతో 58 అయింది. పాత మెటీరియల్ చదివేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

ఇక పార్టీల బలం. మొత్తం అంకెను బట్టీ పట్టొద్దు. రాజీనామాలు, అనర్హతలతో అది మారుతూనే ఉంటుంది. ఏ సీటు, ఎవరి ఓటుతో, ఏ ఏడాది వచ్చిందో రాసుకోండి. 2024లో అసెంబ్లీలో కూటమికి 164, వైసీపీకి 11. అయినా అప్పుడు మండలిలో వైసీపీదే పైచేయి. ఎందుకు? సభ్యుల పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు దిగిపోతారు. 2021 స్థానిక ఎన్నికల ఊపుతో వైసీపీకి వచ్చిన సీట్లు అప్పటికి ఇంకా నడుస్తున్నాయి. 2020 జనవరిలో ఇదే తిరగేసి జరిగింది: అప్పుడు అసెంబ్లీ వైసీపీది, మండలిలో టీడీపీ బలం; అందుకే మూడు రాజధానుల బిల్లులు మండలిలో ఆగి సెలెక్ట్ కమిటీకి వెళ్లాయి. ఆ నెల 27న అసెంబ్లీలో మండలి రద్దు తీర్మానం పెట్టారు, 2021 నవంబర్ 23న వెనక్కి తీసుకున్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే స్టేట్‌మెంట్ ప్రశ్న ఎలా తిప్పి అడిగినా చేయగలరు.

ఎమ్మెల్యేల కోటాలో ఒక సీటు గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలో, ఆ లెక్క వదలకండి. ఒక్కో ఓటు విలువ 100. 2023లో ఏడు సీట్లు: 175 ఓట్ల విలువ 17,500ని, సీట్లకు ఒకటి కలిపిన 8తో భాగించి, శేషం వదిలి, ఒకటి కలిపితే 2,188. అంటే 22 మొదటి ప్రాధాన్య ఓట్లు చాలు. టీడీపీ అభ్యర్థి పంచుమర్తి అనురాధకు 23 వచ్చాయి, వైసీపీ వైపు నుంచి క్రాస్ ఓటింగ్ బయటపడింది. 2025లో ఐదు సీట్లే, కాబట్టి 30 ఓట్లు కావాలి. 11 మందితో వైసీపీకి దారే లేదు, ఐదూ ఏకగ్రీవం. కోచింగ్ నోట్సులో ఫలితం ఉంటుంది, ఈ లెక్క ఉండదు. రోజూ పేపరు పట్టుకుని కూర్చునేవాడికే ఇవి కలుస్తాయి. ఆ అరగంట బద్ధకించేవాళ్లు సిలబస్ పెద్దదని వాపోవడం నాకు నచ్చదు.

మన ఉత్తరాంధ్ర సీట్లు ముందు పట్టికలో వేయండి. ఉత్తరాంధ్ర పట్టభద్రుల స్థానం 2023లో టీడీపీకి వచ్చింది. గెలిచిన వేపాడ చిరంజీవిరావు ఎకనామిక్స్ పాఠాలు మీలో చాలామంది విన్నవే. ఉపాధ్యాయ స్థానం 2025లో ఉపాధ్యాయ సంఘం పీఆర్టీయూ అభ్యర్థి గాదె శ్రీనివాసులునాయుడిది, అదీ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాకే. శ్రీకాకుళం స్థానిక సంస్థలకు ఒకటి, విజయనగరానికి ఒకటి, విశాఖకు రెండు. విశాఖలో బొత్స సత్యనారాయణ 2024 ఆగస్టులో ఉప ఎన్నికలో ఏకగ్రీవంగా వచ్చారు. అది ఆరేళ్ల పదవి కాదు, ఖాళీ అయిన సీటులో మిగిలిన కాలమే. 2021 బ్యాచ్ స్థానిక సీట్లు 2027 చివర్లో ఖాళీ అవుతాయి, పట్టికలో ఆ గడులను పెన్సిల్‌తో రాయండి.