నా చేతికి తగిన బౌలింగ్ బాల్ ఎలా ఎంచుకున్నానంటే

బాల్ పాకెట్‌లోకి, అంటే మొదటి, మూడో పిన్నుల మధ్య సందులోకి, సరిగ్గానే వెళ్తుంది, కానీ కుడి మూలన పదో పిన్ను అలాగే నిలబడి ఉంటుంది. దాన్ని కొట్టాల్సిన ఆరో పిన్ను నీరసంగా పక్కకు ఒరిగి గట్టర్‌లో పడుతుంది. బౌలింగ్ సెంటర్ వాళ్లిచ్చే బాల్స్‌తో ఆడినన్నాళ్లూ నాకు ఇదే వరస. ఆ బాల్స్ పాలియెస్టర్‌వి. నున్నగా ఉంటాయి, లేన్‌ను పట్టుకోవు, దాదాపు నేరుగా పోతాయి. బాల్ వేసేటప్పుడు దాటకూడని ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు, లేన్ వెడల్పు మూడున్నర అడుగులు. అంచు నుంచి నేరుగా వేసినా బాల్ పాకెట్‌లోకి వెళ్లే కోణం రెండు డిగ్రీలు కూడా ఉండదు. స్ట్రైక్‌కు మంచి కోణం ఆరు డిగ్రీల దగ్గర ఉంటుందని అమెరికాలో బౌలింగ్ రూల్స్ పెట్టే యూఎస్‌బీసీ పరీక్షల్లో తేలింది. అంత కోణం రావాలంటే బాల్ చివర్లో హుక్ తిరగాలి, అంటే పక్కకు మలుపు తీసుకోవాలి. అందుకు 1990ల మొదట్లో వచ్చిన, లేన్‌ను పట్టుకునే రియాక్టివ్ రెజిన్ బాల్స్ ఉన్నాయి. అలాంటిదొకటి కొనాలని గట్టిగా అనుకున్నాను.

నేనుండేది నల్గొండలో. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ వెళ్లి ఆడి వస్తాను. తోడుగా మా బామ్మర్ది వస్తాడు. బాల్ కొంటానంటే వాడన్న మాట ఇది: "అన్నిట్ల కన్న ఎక్కువ తిరిగేదే తీస్కో బావా, మల్ల మల్ల కొంటమా?" ప్రేమతోనే అన్నాడు, చాలామంది అనుకునేదీ అదే. కానీ అన్నిటికన్నా ఎక్కువ పట్టు ఉన్న బాల్ బాగా ఆయిల్ పోసిన లేన్ల కోసం చేసింది. కరిగెట చేసే ట్రాక్టర్‌కు కేజ్ వీల్స్ బురదలోనే పనికొస్తాయి, వాటితో తారు రోడ్డెక్కితే బండి సాగదు. ఆయిల్ తక్కువున్న లేన్ మీద అలాంటి బాల్ ముందే తిరిగేసి, పిన్నుల దగ్గరికి వచ్చేసరికి బలం అయిపోయి ఉంటుంది. కాబట్టి ఏ బాల్ కొనాలో చూసే ముందు నా చెయ్యి ఎలా పడుతుందో, నేనాడే లేన్ ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

చెయ్యి సంగతి ఫోన్‌తోనే తేలింది. బాల్ మీద తెల్ల టేపు అంటించి వేశాను, బామ్మర్ది వెనక నుంచి స్లో మోషన్‌లో వీడియో తీశాడు. బాల్ వదిలినప్పటి నుంచి పిన్నుకు తగిలే దాకా 2.3 సెకన్లు పట్టింది, అంటే గంటకు 28 కిలోమీటర్ల పైన. వీడియో సెకనుకు 240 ఫ్రేములు. టేపు ఒక చుట్టు తిరిగి రావడానికి 60 ఫ్రేములు పట్టింది. అంటే పావు సెకనుకు ఒక చుట్టు, నిమిషానికి 240. ఆ వేగానికి చుట్లు 300 దాటితే రెండూ సమంగా ఉన్నట్టు. నా బాల్ వేగంగా వెళ్తోంది, తక్కువ తిరుగుతోంది. నాలాంటి చేతికి ఆలస్యంగా మలుపు తీసుకునే బాల్ ఇస్తే, అది తిరిగేలోపే లేన్ అయిపోతుంది.

లేన్ సంగతి అక్కడి మెకానిక్‌ను అడిగాను. ఉదయం తెరవకముందే ఆయిల్ వేస్తారట, దాదాపు మొదటి 40 అడుగుల మేర, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. సాయంత్రం దాకా ఎందరో ఆడతారు కాబట్టి పొద్దుపోయేసరికి అది చెదిరిపోతుంది. నేను ఆడేది పొద్దున, తాజా ఆయిల్ మీద. అదే ఆదివారం సాయంత్రం ఆడేవాళ్లకైతే నేను కొన్న బాల్ చెప్పను.

చివరికి స్టార్మ్ కంపెనీవి రెండు బాల్స్ మధ్య ఆగాను, ఫేజ్ టూ, హైరోడ్. రెండిటి లోపలి బరువు దిమ్మ, అంటే కోర్, సిమెట్రికే (అన్ని వైపులా ఒకేలా ఉండేది). తేడా పై పొరలోనూ, కోర్ లెక్కల్లోనూ ఉంది. హైరోడ్ పై పొర హైబ్రిడ్ (సాలిడ్, పెర్ల్ అనే రెండు రకాలు కలిసినది), పాలిష్‌తో వస్తుంది, ఆర్‌జీ (బరువు మధ్య నుంచి ఎంత దూరంగా పరుచుకుందో చెప్పే లెక్క) 2.57. ఫేజ్ టూ పై పొర సాలిడ్, పాలిష్ లేకుండా 3000 గ్రిట్ గరుకుతో వస్తుంది, ఆర్‌జీ 2.48. ఆర్‌జీకి యూఎస్‌బీసీ పెట్టిన హద్దులు 2.46 నుంచి 2.80 వరకు. అది తక్కువైతే బరువు మధ్యకు దగ్గరగా ఉన్నట్టు, బాల్ త్వరగా దొర్లడం మొదలుపెడుతుంది. గరుకు పొర ఆయిల్‌లోనూ కొంత పట్టుకుంటుంది. నెమ్మదిగా, బాగా తిప్పి వేసేవాళ్లకు నేను హైరోడే చెప్తాను. నా వేగానికి మాత్రం ముందుగా పట్టుకునేది కావాలి, అందుకే ఫేజ్ టూ తీసుకున్నాను.

బరువు 15 పౌండ్లు, అంటే 6.8 కిలోలు. 16 పౌండ్లు దాటడానికి రూల్స్ ఒప్పుకోవు. 14 పౌండ్ల లోపు బరువుల్లో చాలా మోడళ్లకు కోర్ మారిపోతుంది, అప్పుడు డబ్బాపై ఉన్న లెక్కలు మనకు పనికిరావు. మూడో గేమ్‌లోనూ భుజం నొప్పి లేకుండా ఊగించగలిగిన బరువే సరైనది.

ఇక డ్రిల్లింగ్. మంచి బాల్ కొని డ్రిల్లింగ్‌లో పొదుపు చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే సగం ఆట అక్కడే ఉంది. డ్రిల్లింగ్ చేసే అన్న బాల్ వైపు చూడకుండా ముందు నా చెయ్యి పట్టుకున్నాడు. "వేళ్లు చూపియ్యన్నా, బాల్ యాడికి పోదు" అన్నాడు. బొటనవేలి నుంచి మధ్య, ఉంగరం వేళ్ల మొదటి కణుపు దాకా స్పాన్ కొలిచాడు, బొటనవేలు వెనక్కి ఎంత వంగుతుందో చూశాడు. సెంటర్ బాల్స్‌లో వేళ్లు రెండో కణుపు దాకా పోతాయి. ఫింగర్‌టిప్ పట్టులో మొదటి కణుపు వరకే, అందుకే బొటనవేలు ముందు జారి, వేళ్లు ఆఖర్లో బాల్‌ను తిప్పగలుగుతాయి.

తర్వాత తన దగ్గరున్న రియాక్టివ్ బాల్ ఇచ్చి వేయమన్నాడు. తిరిగొచ్చిన బాల్ మీద ఆయిల్ గీతలు వలయాలుగా పడ్డాయి. మొదటి వలయాన్ని బట్టి బాల్ ఏ బిందువు చుట్టూ తిరుగుతోందో లెక్కగట్టాడు. దాన్నే పీఏపీ (పాజిటివ్ యాక్సిస్ పాయింట్) అంటారు. నాది పట్టు మధ్య (వేళ్ల రంధ్రాల నడిమి చోటు) నుంచి 5 అంగుళాలు పక్కకు, కొంచెం పైకి ఉంది. కోర్ పైభాగం ఎటుందో చూపించే చుక్క, దీన్ని కూడా పిన్ అనే అంటారు, పీఏపీకి 4 అంగుళాల దూరంలో వచ్చేలా లేఅవుట్ గీశాడు. 3.375 అంగుళాల దగ్గర ఆ వలయాలు అన్నిటికన్నా ఎడంగా పడతాయి, అంటే ప్రతి చుట్టుకూ ఆయిల్ అంటని కొత్త చోటు లేన్‌కు తగులుతుంది. తక్కువ తిప్పే నాకు అందుకు దగ్గర్లో ఉండటమే మేలన్నాడు. ఈ విషయాల కోసం పాత వీడియోలు చూస్తే అందులో నాలుగో రంధ్రం గురించి చెప్తారు, దాన్ని వదిలేయండి. వేలు పెట్టని బ్యాలెన్స్ హోల్‌ను యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి తీసేసింది.

బొటనవేలి రంధ్రంలో టేపు కూడా వేయించుకున్నాను. ఎండలో బస్సు దిగి ఏసీ హాల్లోకి వెళ్లాక వేలు కాసేపటికి సన్నబడుతుంది. రంధ్రం వదులైతే బాల్ పడిపోతుందేమోనన్న టెన్షన్‌లో గట్టిగా పిసుకుతాం, అప్పుడు బొటనవేలు సాఫీగా జారదు. ఇంకో పొర టేపు వేస్తే చాలు, చెయ్యి స్థిమితపడుతుంది.

మొదటిసారి లేన్ మీద గురి కోసం గీసిన బాణాల్లో రెండో దాని మీదుగా వేసినప్పుడు బాల్ ఆయిల్ దాటి, ఒక్క క్షణం నిలదొక్కుకుని, ఎడమకు తిరిగి పాకెట్‌లోకి దూసుకుపోయింది. బామ్మర్ది కేక వేశాడు. నాకైతే ఆరో పిన్ను గోడకు కొట్టుకుని వెనక్కొచ్చి పదో పిన్నును పడగొట్టడమే చూడాలనిపించింది, చూశాను. ఆ పదో పిన్ను ఇప్పటికీ ఒక్కోసారి మిగులుతుంది కానీ ఇదివరకటిలా ప్రతిసారీ కాదు. మధ్యాహ్నానికి ఆయిల్ ఎండినకొద్దీ నిలబడే చోటు ఎడమకు జరుపుకుంటాను. మూల పిన్నుకు మాత్రం పాలియెస్టరే వాడతాను. అక్కడ నేరుగా పోవడమే కావాలి.

మా నల్గొండలో దీన్ని చూసుకోవడం ఇంకో పని. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, మూసిన కారులో వదిలేస్తే రెజిన్ పగలొచ్చు. అందుకే ఇంట్లో చల్లని గదిలో, బ్యాగులోనే ఉంచుతాను. ప్రతి షాట్‌కూ మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తాను, ఎందుకంటే ఆ పొరకున్న సన్నని రంధ్రాలు ఆయిల్‌ను పీల్చుకుంటాయి. యాభై అరవై గేములకోసారి వేళ్ల రంధ్రాలకు టేపు వేసి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాసేపు ఉంచితే ఆయిల్ బయటికొస్తుంది. తర్వాత 3000 ప్యాడ్‌తో తడిపి రుద్దితే పొర మళ్లీ కొత్తదానిలా పట్టుకుంటుంది.

ఇప్పుడు మధ్యాహ్నం ఎండిన లేన్ల కోసం ఒక పెర్ల్ బాల్ తీసుకోవాలని ఉంది. అది ఆయిల్ లేని చోట కూడా ముందు నేరుగా జారి, ఆలస్యంగా తిరుగుతుంది. ఈసారి కూడా ముందు ఆ సమయానికి వెళ్లి, నా బాల్ ఎక్కడ తిరుగుతోందో వీడియో తీసుకున్నాకే కొంటాను.