పొంగిన పిటా, పోయిన పరువు

గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి. అవి తోమేలోపు ఇది రాసేయాలి.

మా తోడల్లుడు మర్చంట్ నేవీలో పనిచేస్తాడు. ఎక్కువగా గ్రీకు ఓనర్ల ఓడల మీదే తిరుగుతాడు. సెలవుకి విశాఖ వచ్చిన ప్రతిసారీ గ్రీసులోని పిరేయస్ రేవులో తిన్న గీరో (పిటా అనే రొట్టెలో కాల్చిన మాంసం చుట్టి ఇచ్చేది) గురించి ఊరించి ఊరించి చెబుతాడు. ఈసారి ఉండబట్టలేక "నేనే చేసి పెడతాలే" అన్నాను. నన్నెవరూ అడగలేదు.

"గైరో" అన్నానో లేదో దిద్దేశాడు. "యీరోస్ అనాలి అన్నయ్యా. తిరగడం అని అర్థం. మాంసం నిలువు కమ్మీ మీద తిరుగుతూ కాలుతుంది కదా."

చికెన్‌తో ఏ ఇబ్బందీ రాలేదు. గ్రీసులో ఎక్కువగా పంది మాంసమే వాడతారు, కానీ అత్తయ్య ఉండగా ఆ మాటే ఎత్తలేను. అక్కడ చికెన్‌తోనూ అమ్ముతారు కాబట్టి సరిపోయింది. ఎముక లేని తొడ ముక్కలకి నిమ్మరసం, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఒరెగానో పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. సగం ఉల్లిపాయలో పుల్లలు నిలువుగా గుచ్చి, వాటికి ముక్కలు దట్టంగా ఎక్కించి ఓవెన్లో పెట్టాను. పిజ్జాతో వచ్చే ఒరెగానో పొట్లాలు దాచుకున్నవాళ్లు వాటిని మాత్రం ఇందులో వాడకండి. అన్నీ ఉప్పే.

అందులో వేసే పెరుగు చట్నీ, జాజీకి కూడా తేలికే. పెరుగు గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయాలి. కీరా తురిమి, ఉప్పు వేసి, గట్టిగా పిండాలి. ఇక్కడ బద్ధకిస్తే మజ్జిగే మిగులుతుంది. వెల్లుల్లి, కాస్త వెనిగర్, ఆలివ్ నూనె, సోయకూర కలిపితే అయిపోయింది. అత్తయ్య రుచి చూసి, "పెరుగుపచ్చడే కదా బాబూ. తాలింపు మర్చిపోయారా?" అన్నారు. పొద్దున్న చూస్తే మిగిలిన దానికి తాలింపు పెట్టేసి ఉంది.

ఇక పిటా. ఇరవయ్యేళ్లుగా మా ఇంట్లో పుల్కాలు నావే. నా చేతి పుల్కా పొంగకపోవడమన్నది లేదు. అలాంటిది అరకిలో మైదా, ఏడు గ్రాముల ఈస్టు పెట్టి కలిపిన పిటా పెనం మీద చదునుగా పడుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు రిహార్సల్. పలుచగా వత్తాను, పెనం పొగలొచ్చేదాకా కాల్చాను, చివరికి పట్టకారుతో నేరుగా మంట మీద పెట్టాను. పొంగింది! బెలూన్‌లా పొంగింది. నిన్న సాయంత్రం పన్నెండు కాల్చి, ఒక్కోటీ పొంగుతుంటే వంటింట్లోకి అందరినీ పిలిచి మరీ చూపించాను.

తీరా చికెన్, టమాటా, ఉల్లిపాయ, ఫ్రెంచ్ ఫ్రైస్, జాజీకి వేసి చుట్టబోతే మొదటిదే ఫట్‌మని చిరిగింది. రెండోదీ అంతే. మూడోది తోడల్లుడి చేతిలో విడిపోయి, జాజీకి మోచేతి దాకా కారింది. ఫ్రైస్ అత్తయ్య ఒళ్లో పడ్డాయి.

"అన్నయ్యా, గ్రీకు పిటా పొంగకూడదు. పొంగి లోపల సంచీలా విడిపోయేది అరబ్బుల పిటా" అన్నాడు, చెయ్యి తుడుచుకుంటూ. పైగా నవ్వాడు.

మూడు రోజులు నేను ఓటమి అనుకున్నదే అసలు పిటా అన్నమాట! నేను చూసిన వీడియోలో ఈ ముక్క ఒక్కటి చెప్పి ఉంటే ఏం పోయేది? తన చేతి గడియారం చూపించడానికి మాత్రం దొరికింది ఆ వీడియోవాడికి టైము.

అతను లేచి వెళ్లి, మిగిలిన పిండి అర సెంటీమీటరు మందాన వత్తి, ఫోర్కుతో అంతటా పొడిచి, నూనె రాసిన పెనం మీద మధ్యస్థం మంటలో రెండు వైపులా కాల్చి, వేడి మీదే గుడ్డలో చుట్టాడు. కాలుస్తూ ఉపన్యాసం ఒకటి. ఈ గీరో 1922 తర్వాత ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి గ్రీసు చేరిన కాందిశీకులు తెచ్చిన వంటట, టర్కీ డోనర్ కబాబ్‌కి చుట్టమట. ప్లేట్లు, స్పూన్లు పక్కన పెట్టించి, అడుగున కాగితం చుట్టి చేతికిచ్చాడు. ఒక్కటీ చిరగలేదు.

"ఎంత మెత్తగా ఉన్నాయో!" అంది మా ఆవిడ. ఇరవయ్యేళ్లలో నా పుల్కాల గురించి ఆ మాట అన్నట్టు గుర్తులేదు.

నాలుగు ఉండలు ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నాయి. తోడల్లుడు రేపు ముంబై రైలెక్కాక చేస్తాను.