సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఎండ జాగ్రత్తలు

సైకిల్ తొక్కుతుంటే గాలి తగిలి ఎండ తెలియదు, చర్మం మాత్రం కమిలిపోతుంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే అతినీలలోహిత కిరణాలు బలంగా ఉన్నట్టే. హైదరాబాద్‌లో ఏప్రిల్ నెలలో ఉదయం తొమ్మిది దాటితే అదే పరిస్థితి.

ముందు బట్ట, తర్వాతే సన్‌స్క్రీన్. బట్ట చెమటకు కారిపోదు. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు చేతుల పైభాగం నేరుగా ఎండకు ఎదురుగా ఉంటుంది కాబట్టి బొటనవేలి రంధ్రం ఉన్న స్లీవ్స్ కొనండి, చేతి వెనక వైపు కూడా కప్పుతాయి. పల్చటి తెల్ల కాటన్ చొక్కా మీద నమ్మకం వద్దు. చెమటకు తడిస్తే అందులోంచి కిరణాలు ఇంకా ఎక్కువ దూరతాయి. ముదురు రంగు, దట్టమైన నేత మేలు.

ముఖానికి, మెడకు కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతల సన్‌స్క్రీన్ కావాలి. ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ రక్షణ ఎంతో చెప్పే అంకె) 30 చాలు, అది యూవీబీని, అంటే చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలను, దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. తక్కువ రాస్తే ఆ అంకెకు విలువ లేదు. బయల్దేరే 15 నిమిషాల ముందు రాయండి. చెవులు, మెడ వెనక భాగం అందరూ మరిచిపోయేవే.

కళ్లు మండుతున్నాయా? నుదుటి మీది క్రీమ్ చెమటతో జారుతోందన్నమాట. కనుబొమ్మల పైన జింక్ ఆక్సైడ్ స్టిక్ (కడ్డీలా ఉండే సన్‌స్క్రీన్) వాడి, హెల్మెట్ కింద చెమట పీల్చే పట్టీ కట్టండి. ఆ పట్టీ హెల్మెట్ రంధ్రాల్లోంచి పడే ఎండ నుంచి పాపిటను కాపాడదు, అందుకు పల్చటి టోపీయే కావాలి.

సాయంత్రం నాలుగుకే తిరిగొస్తుంటే మళ్లీ రాయాల్సిందే. పొద్దున రాసింది అప్పటిదాకా నిలవదు.