ముందు లెన్స్, తర్వాతే బాడీ: డీఎస్ఎల్ఆర్ కొన్న నా అనుభవం

మాది విజయనగరం. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే కెమెరా) కొందామని ఎప్పట్నుంచో ఉంది, దసరాకి ముందు చేతిలో కాస్త డబ్బులు ఆడేసరికి ఇంక మొదలెట్టా. ఎవర్నడిగినా ఆ అద్దం లేని కొత్త రకం, మిర్రర్‌లెస్ తీస్కో అన్నారు. నిజమే, 2018లో కానన్, నికాన్ రెండూ ఫుల్ ఫ్రేమ్ (ఫొటో పడే సెన్సర్ పెద్దగా ఉండే) మిర్రర్‌లెస్‌లోకి దిగాక కొత్త లెన్సులన్నీ అటే వస్తున్నాయి. కానీ దానివల్లే పెళ్లిళ్లు తీసేవాళ్లు పాత సామానంతా అమ్మేసుకుని అటు వెళ్లిపోతున్నారు, నాబోటి వాడికి అంతకన్నా ఏం కావాలి, మంచి సరుకు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది.

శ్రీకాకుళంలో మా బావకి స్టూడియో ఉంది. ఫోన్ చేసి ఏ బాడీ (లెన్స్ కాకుండా ఉత్త కెమెరా) కొనమంటావు బావా అంటే, "బాడీ సంగతి తర్వాత, ఏటి తీస్తావో అది చెప్పు ముందు" అన్నాడు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం, తేలినీలాపురం పక్షులు, ఈ రెండే అన్నా. "ఒకటి చీకటి పడేవేళ తీసేది, ఇంకోటి దూరం నుంచి తీసేది. రెండిటికీ ఒకటే లెన్స్ అడక్కు, అలాంటిది ఉన్నా మన ఇద్దరి ఆస్తీ కలిపినా రాదు" అని నవ్వేడు.

సిరిమాను సంగతి మనోళ్లకి చెప్పక్కర్లేదు. దసరా వెళ్లిన మంగళవారం, మధ్యాహ్నం దాటాక బయల్దేరి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేసరికి వెలుతురు పోతుంది, జనంలో చెయ్యి ఆడదు, లెన్స్ మార్చుకునే మాటే లేదు. ఆ పొడుగాటి మాను చివర పూజారిగారు ఊగుతుంటారు కాబట్టి షట్టర్ స్పీడ్ తగ్గించడానికీ లేదు, బొమ్మ చెదిరిపోతుంది. బాడీతో వచ్చే 18-55 కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6కే ఆగిపోతుంది (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది), అదే 50 ఎఫ్ 1.8 అయితే దాదాపు పది రెట్లు కాంతి లోపలికొస్తుంది. అంటే కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (చీకట్లో పెంచుకునేది, పెంచేకొద్దీ ఫొటో గరుగ్గా వస్తుంది) 6400 పెట్టాల్సిన చోట దీనితో 640 చాలు, ఇంక మెగాపిక్సెళ్లు 20 అయితేనేం 24 అయితేనేం. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) మీద 50 కాస్తా 75 లెన్స్ చూపించేంత చూపిస్తుంది, అరుగు మీదో మేడ మీదో నిలబడితే మాను పైభాగానికి అది సరిగ్గా సరిపోతుంది. ఊరేగింపులో తెల్ల ఏనుగు, పాలధార, అంజలి రథం దగ్గరగా వచ్చినప్పుడు మాత్రం ఇరుకే, ఒప్పుకోవాలి.

బాడీ ప్రశ్న ఇక్కడ తేలింది. నికాన్‌లో 50 ఎఫ్ 1.8 రెండు రకాలు, పాత డి రకానికి లెన్స్‌లో ఫోకస్ తిప్పే మోటర్ ఉండదు, బాడీలో ఉండాలి. డి3000, డి5000 సిరీస్ బాడీల్లో ఆ మోటర్ లేదు, వాటికి తగిలిస్తే చేత్తో ఫోకస్ తిప్పుకోవడమే. డి7200లో ఉంది, మౌంట్ అంచున చిన్న స్క్రూలా కనిపిస్తుంది, అదే లెన్స్‌ని తిప్పుతుంది. కానన్‌లో ఈ గొడవ లేదు, 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పట్నుంచీ మోటర్ లెన్స్‌లోనే. అయినా నేను నికాన్ వైపే వెళ్లా, ఎందుకంటే ఆ పాత డి లెన్సులు చవగ్గా దొరుకుతున్నాయి, పైగా డి7200లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడితే సరిచేసుకునేది) ఉంది, డి5600లో అది లేదు.

సెకండ్ హ్యాండ్ డి7200 అమ్మే ఆయన ఇంటికి బావని వెంటబెట్టుకుని వెళ్లా. బావ ముందు ఒక ఫొటో తీసి ఫైల్లోంచి షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో) చూశాడు, డి7200 షట్టర్‌ని కంపెనీ లక్షా యాభై వేల క్లిక్కులకి పరీక్షించింది, ఇది అందులో సగానికి కూడా రాలేదు. తర్వాత ఎఫ్ 22లో తెల్లగోడ తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే మూలన రెండు నల్లచుక్కలు, సెన్సర్ మీద దుమ్ము, తుడిస్తే పోయేదే. లెన్స్‌ని మాత్రం వదల్లేదు, ఎపర్చర్ (కాంతి వచ్చే లోపలి రంధ్రం) పూర్తిగా తెరిచి వెనక నుంచి సెల్ టార్చ్ వేసి అటూ ఇటూ వంచి చూశాడు. మన తీరం గాలికి లెన్సుల్లో ఫంగస్ సాలెగూడులా పాకుతుంది, మామూలు వెలుతుర్లో కనపడి చావదు. ఆయన దగ్గరున్న రెండు 50ల్లో ఒకదాన్లో అంచున సన్నటి దారాల్లా కనిపించాయి, దాన్ని పక్కన పెట్టి రెండోది తీసుకున్నాం.

పక్షులకి అక్కడే పాత 70-300 వీఆర్ (చేతి వణుకు తెలియనివ్వని రకం) దొరికింది, క్రాప్ మీద 450 అంత దగ్గరగా చూపిస్తుంది. తేలినీలాపురంలో చెట్ల మీద కూర్చున్న గూడబాతులకి అది చాలు, ఎగిరేటప్పుడు ఇంకాస్త ఉంటే బావుణ్ణనిపిస్తుంది. 200-500 ఎఫ్ 5.6 కొనమని కొందరన్నారు గానీ అది 2.3 కిలోలు, ఏడాదిలో కొన్నాళ్లకి అంత డబ్బు దానిలో ఇరికించడం నాకు నచ్చలేదు, కావాల్సినప్పుడు విశాఖలో అద్దెకి తెచ్చుకుంటా. మిగిలిన డబ్బుతో గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్ కొన్నా, తేమ 40-50 శాతం మధ్య ఉంచుతున్నా.

రేపు మిర్రర్‌లెస్‌కి మారితే 70-300 నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (పాత లెన్సుల్ని మిర్రర్‌లెస్‌కి తగిలించేది) మీద ఆటోఫోకస్‌తో పనిచేస్తుంది, 50 డికి మాత్రం ఆటోఫోకస్ రాదు. అప్పుడు డి7200తో కలిపి మా తమ్ముడికి ఇచ్చేద్దామనుకుంటున్నా, వాడు ఇప్పట్నుంచే అడుగుతున్నాడు.