ముందు నేను తిన్నాను

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

ఈరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి వంటింట్లో లైటు వేసుకుని, ఇల్లంతా నిద్రపోతుండగా, పీట మీద కూర్చుని నేనొక్కదాన్నే కడుపునిండా తిన్నాను. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఈ ఇంట్లో అందరికంటే ముందు తినడం నాకు ఈ నెలలోనే అలవాటైంది. ఇది ఎక్కడైనా రాసి పెట్టుకోవాలనిపించింది.

తిన్నది తరవాణి అన్నం. గంజి, బియ్యం కడుగు పోసి, రెండు దబ్బాకులు వేసి అత్తయ్య పులియబెట్టే కుండ మా వంటింటి మూల ఎప్పుడూ ఉంటుంది. రాత్రే అందులో అన్నం వేసి ఉంచారు. మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. మెతుకులు ఉబ్బి, వేళ్ళ మధ్య ఇట్టే నలిగిపోతున్నాయి. ఉప్పు కలుపుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ, మాగాయ ముక్క నంజుకుంటూ పెద్ద గిన్నెడు తిన్నాను. ఆ తర్వాత ఒక అరటిపండు. టీ మాత్రం పెట్టుకోలేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

తిన్నాక గంట ఆగి, ఐదున్నరకి సైకిల్ బయటికి తీశాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాస్టారు, బ్యాంకు తమ్ముడు అప్పటికే ఉన్నారు. మాస్టారు రిటైరైన డ్రిల్లు మాస్టారు, అరవై దాటినా ఎదురుగాలికి తల వంచని మనిషి. తమ్ముడు బరువు తగ్గాలని ఆరు నెలల కిందట సైకిల్ కొన్నాడు. ముగ్గురం కలిసి అరసవల్లి, గార మీదుగా కళింగపట్నం వెళ్ళి రావడం మా ఆదివారం పని. నా సైకిల్ మీటరు ప్రకారం రానూపోనూ 54 కిలోమీటర్లు. మేం తొక్కే తీరుకి మూడు గంటలు.

అరసవల్లి దాటాక మంచు దట్టంగా ఉంది. రోడ్డుకి అటూ ఇటూ కోసిన వరి, కుప్పలు, కళ్ళాల్లో అప్పుడే లేచిన మనుషులు. ఆ మంచులో సైకిల్ తొక్కుతుంటే దాహమే తెలియదు. అయినా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగాను. చలికాలంలోనూ చెమట పడుతుంది, గాలికి ఆరిపోతుంది కాబట్టి కనిపించదు, అంతే.

ఈ జాగ్రత్తలన్నీ నవంబరు ఆఖరి ఆదివారం తర్వాత వచ్చినవి. ఆ ముందురోజు రాత్రి ఇంటికి చుట్టాలొచ్చారు. అందరికీ వడ్డించేసరికి కూర అయిపోయింది. మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిని పడుకున్నాను. పొద్దున్న లేచి ఒట్టి టీ తాగి సైకిలెక్కాను. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. తిరుగు దారిలో, గార దాటిన కాసేపటికి, హ్యాండిల్ మీద వేళ్ళు వణకడం మొదలైంది. ఆ చలిలో మెడ మీద చల్లటి చెమట. మాస్టారు ఏదో అడుగుతున్నారు. మాట వినిపిస్తోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు. కల్వర్టు గట్టు కనిపిస్తే సైకిల్ పడేసి దాని మీద కూలబడ్డాను.

అక్కడ ఒక ముసలమ్మ తేగల బుట్ట దించుకుని కూర్చుని ఉంది. నా మొహం చూసి, "ఏటమ్మా, శోషొచ్చిందేటి? ఏటైనా తిన్నావా?" అంది. తల అడ్డంగా ఊపాను. కొంగు ముడి విప్పి, తను టీలోకి తెచ్చుకున్న బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. నల్లటి బెల్లం, ఒక పక్క కొంగు నూలు పోగు అతుక్కుని ఉంది. పోగు తీసి నోట్లో వేసుకున్నాను. పది నిమిషాలకి మాస్టారి మాటలు అర్థమవడం మొదలైంది.

నేను బళ్ళో జీవశాస్త్రం చెబుతాను. తిన్న పిండిపదార్థం గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుందని ప్రతి ఏడాదీ బోర్డు మీద రాస్తాను. రెండూ కలిపి ఒంట్లో ఉండేది దాదాపు 400 నుంచి 500 గ్రాములు. కండరాల్లోది కండరాలకే పనికొస్తుంది. రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది కాలేయంలోని నిల్వ. మనం నిద్రపోతున్నా మెదడు ఆ నిల్వని వాడుకుంటూనే ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి అది చాలావరకు తరిగిపోతుంది. అంటే పొద్దున్న ఏమీ తినకుండా సైకిలెక్కితే కాళ్ళలో బలం ఉన్నా తల తిరగొచ్చు. నాకు జరిగింది అదే. అన్నేళ్ళు చెప్పిన పాఠం ఒంటికి తెలిసింది ఆ కల్వర్టు గట్టు మీదే.

ఆ సంగతి విని అత్తయ్య చాలా బాధపడ్డారు. "ఊడుపులకి ఎల్లినన్నాళ్ళూ మాం ఎప్పుడైనా ఒట్టి కడుపుతో మడిలో దిగామా? తరవాణి తాగీసే ఎల్లేవోళ్ళం. నువ్వు కడుపు మాడ్చుకుని ముప్పై మైళ్ళు తొక్కితే ఏటైపోద్ది?" అన్నారు. ఆవిడది ఆమదాలవలస వైపు పల్లె, వ్యవసాయం చేసిన కుటుంబం. ఆ రోజు నుంచి శనివారం రాత్రి కుండలో నా అన్నం విడిగా పడుతోంది.

తరవాణిని పాతకాలపు తిండి అని పక్కన పెట్టేయడం సరికాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందులో ఉన్నది తేలిగ్గా అరిగే గంజి, ఉప్పు, నీళ్ళు. సైకిల్ తొక్కబోయేవాళ్ళకి కావలసినవి ఆ మూడే. పేగుల్లో చక్కెర, సోడియం జతగా ఉన్నప్పుడు రెండూ కలిసి లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీరు కూడా వెళ్తుంది. విరేచనాలకి ఇచ్చే ఓఆర్ఎస్ పనిచేసేది ఈ సూత్రం మీదే. గ్లూకోజు బదులు బియ్యప్పిండితో చేసే ఓఆర్ఎస్ కూడా ఉంది. పులుపు పడనివాళ్ళు చోడి (రాగి) అంబలి తాగొచ్చు, నాలుగు ఇడ్లీలైనా సరే. ఏది తిన్నా బయలుదేరే ముందు కనీసం గంట వ్యవధి ఉండాలి. నూనె ఎక్కువున్నది, మరీ పీచున్నది అప్పుడు వద్దు. దారి పొడుగునా కడుపులో బరువుగా ఉంటుంది.

తమ్ముడి సంగతి కూడా రాయాలి. ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు కరుగుతుందని ఎవరో చెప్పారట, ఈ మధ్య ఏమీ తినకుండానే వస్తున్నాడు. తొక్కుతున్నంతసేపు కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చవుతుందన్న మాట నిజమే. కానీ రోజు మొత్తం తిన్నది అంతే అయితే చివరికి బరువులో చెప్పుకోదగ్గ తేడా రాదు. అరగంటో ముప్పావుగంటో మెల్లగా తిరిగి వచ్చేదానికైతే ఒట్టి నీళ్ళు చాలు. అదే మూడు గంటలకైతే ఏమీ తినకుండా రావడం ప్రమాదం. పైగా కడుపు మాడ్చుకుని తొక్కి, దిగగానే రెండు ప్లేట్లు పూరీలు, ఒక ప్లేటు మైసూరు బజ్జీ తింటే ఏం తగ్గుతాడు? ఈరోజు గారలో ఆపి నా అరటిపండు ఒకటి చేతిలో పెట్టాను. "నేను ఎనర్జీ జెల్ తెచ్చుకున్నానక్కా" అని జేబులోంచి వెండి రంగు ప్యాకెట్టు తీశాడు. వెనక రాసి ఉన్నది చదివాం. పిండిపదార్థం 24 గ్రాములు. ఓ మాదిరి అరటిపండులోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. గంటకి పైగా తొక్కేవాళ్ళకి గంటకి 30 నుంచి 60 గ్రాములు అందితే చాలు. రెండు అరటిపళ్ళతోనో, ఒక పండు, చిన్న బెల్లం ముక్కతోనో సరిపోతుంది. పోటీల్లో దిగేవాళ్ళకి ఆ ప్యాకెట్టు సౌకర్యమేమో, మన ఆదివారాలకి దాని అవసరం లేదు. తమ్ముడు పండే తిన్నాడు.

నా సీసా కూడా ఇంట్లో కలుపుకున్నదే. 750 మిల్లీలీటర్ల నీళ్ళలో ఎనిమిది చెంచాల పంచదార, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. ఎండాకాలంలో ఇలాంటివి రెండు సీసాలు కావాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి గంటల తరబడి తొక్కుతూ ఉత్త నీళ్ళే అదే పనిగా తాగడం మంచిది కాదు, రక్తంలో సోడియం పలచబడుతుంది. బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు సంగతి డాక్టరుని అడగాలి. మాస్టారికి బీపీ ఉంది. ఆయన మందుబిళ్ళ, ఆయన మజ్జిగ, ఆయన లెక్క వేరు.

కళింగపట్నం చేరేసరికి ఏడు దాటింది. వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్ళు రెండు రంగుల్లో ఉన్నాయి. లైట్‌హౌస్ వైపు ఇసుకలో వలలు ఆరేసి ఉన్నాయి, పక్కన టార్పాలిన్ల మీద నెత్తళ్ళు అనే చిన్న చేపలు. ఎండిన నెత్తళ్ళు పావుకిలో కొన్నాను. ఇక్కడే టీ సంగతి.

శోష వచ్చిన మర్నాడు రక్తపరీక్ష చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. ఆడవాళ్ళకి 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. పోయిన ఏడాది శాలిహుండం కొండ దారిలో ఎత్తు ఎక్కలేక సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. వయసు మీద పడుతోంది కాబోలు అనుకున్నాను. వయసు కాదది, రక్తం లేదు. ఊపిరి తిత్తుల నిండా పీల్చినా ఆ గాలిలోని ఆక్సిజన్‌ని కాళ్ళకి మోసుకెళ్ళేది హిమోగ్లోబినే కదా. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, "టీ తాగితే ఇటు గంట, అటు గంట ఆగి వేసుకోండి. అన్నంతో పాటు టీ వద్దు. కూర మీద నిమ్మకాయ పిండుకోండి" అన్నారు. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, నిమ్మకాయలోని సి విటమిన్ పట్టేలా చేస్తుంది. తోటకూర, నువ్వులు, ఉలవలు తింటున్నాను. చేపలో, మాంసంలో ఉండే ఐరన్ వీటికంటే తేలిగ్గా పడుతుందని నెత్తళ్ళు కూడా మొదలుపెట్టాను.

ఆవిడ ఇంకో మాట అడిగారు. "ఇంట్లో మీరు ఎప్పుడు తింటారు?"

"అందరూ తిన్నాక."

ఆవిడ ఏమీ అనలేదు. మందుల చీటీ మీద రాస్తూనే ఉన్నారు. బయటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందరూ తిన్నాక అంటే మిగిలింది తినడమే. మిగలకపోతే మజ్జిగన్నం. నన్నెవరూ అలా తినమనలేదు. మా అమ్మ అలాగే తినేది, అత్తయ్యా అలాగే తినేవారు, నేనూ అదే పట్టుకున్నాను. మా బళ్ళో ఆడపిల్లలకి రక్తహీనత గురించి నేనే చెబుతాను, వారం వారం ఐరన్ మాత్రలు నేనే పంచుతాను. వాళ్ళ ఇళ్ళలో ఎవరు చివర తింటారని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఈ సోమవారం అడగాలి.

తిరుగు దారిలో ఆ కల్వర్టు దగ్గర ఆగాం. ముసలమ్మ అక్కడే ఉంది, గుర్తుపట్టింది. "ఈవేళ తిన్నావా?" అనడిగింది. తిన్నానన్నాను. అరకిలో తాటిబెల్లం తీసుకెళ్ళాను ఆమెకోసం. ముందు వద్దంది, తర్వాత కొంగులో పోసుకుంది. తేగలు ఒక కట్ట కొన్నాను. డబ్బులు తీసుకుని, పైన ఇంకో రెండు తేగలు పెట్టింది. తేగల్లో పీచు ఎక్కువ, అందుకని దారిలో తినలేదు, ఇంటికి తెచ్చాను.

తొమ్మిదింపావుకి ఇల్లు చేరాను. మూడు గంటలు తొక్కితే నా బరువుకి పన్నెండు వందల కేలరీల దాకా ఖర్చవుతుంది. దిగిన గంటలోపు కాస్త అన్నం, కాస్త మాంసకృత్తులు పడితే కండరాలు త్వరగా కోలుకుంటాయి. రెండు కోడిగుడ్లు ఉడకబెట్టుకుని, రెండు పెసరట్లు వేసుకున్నాను. నేను పెనం దగ్గర నిలబడి ఉంటే మా ఆయన వచ్చి, అలవాటుగా పళ్ళెం పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. మొదటి అట్టు నా పళ్ళెంలో వేసుకుని, "ఇది నాది, మీది తర్వాత" అన్నాను. ఒక్క క్షణం నన్ను చూసి, లేచి వచ్చి అట్లకాడ తీసుకున్నారు. "నువ్వు కూర్చో, నేను వేస్తాను" అన్నారు. రెండో అట్టు అంచు చిరిగింది. అయినా అంత రుచిగా పెసరట్టు తిని చాలా కాలమైంది.

మధ్యాహ్నం నెత్తళ్ళు, వంకాయ కలిపి పులుసు పెట్టాను. అత్తయ్యా నేనూ ఎదురెదురుగా కూర్చుని, అందరితో పాటే తిన్నాం. ఆవిడ మొదట మొహమాటపడ్డారు, మధ్యలో రెండుసార్లు లేవబోయారు. మా అబ్బాయే మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు.

ఇప్పుడు రాస్తుండగా వంటింట్లో చప్పుడైతే లేచి వెళ్ళాను. అత్తయ్య తరవాణి కుండలో అన్నం వేసి గంజి పోస్తున్నారు. "రేపు సోమవారం అత్తయ్యా, సైకిల్ లేదు" అన్నాను.

మూత పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ అన్నారు, "సైకిల్ లేకపోతే తినవేటి?"