శుక్రవారం బండి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పదేళ్ళు పని చేసినాను నేను, 2009లో పోయి 2019లో వచ్చేసినాను. పని టింకరింగ్. అక్కడోళ్ళు డెంటింగ్ అంటారు, మన చిత్తూర్లో టింకరింగ్ అంటాము, ఏదైనా సొట్ట పడిన రేకును మళ్ళీ దాని రూపుకు తెచ్చేదే. ఆ పదేళ్ళలో నా చేతి కింద ఎన్ని బండ్లు పోయినాయో లెక్క లేదు కానీ కండ్లు మూసుకుంటే కనపడేది ఒకటే బండి, 1972 మోడల్ డాట్సన్ 240 జెడ్ అనే జపాన్ స్పోర్ట్స్ కారు. దానికి నేను ఒక్క దిర్హం కూలి తీసుకోలేదు, మూడేండ్లు శుక్రవారాలన్నీ దానికే ఇచ్చినాను. దాని గురించి రాయాలని శానా దినాలుగా అనుకుంటా ఉంటే ఇప్పటికి కుదిరింది.

ముందు నా పని సంగతి చెప్పాల. నేను నేర్చుకునింది చిత్తూర్లో, బస్సులకు లారీలకు బాడీ కట్టే షెడ్డులో, మేస్త్రీ దగ్గర ఆరేండ్లు. ఆయనకు ఒకటే పట్టు, లప్పం, అంటే సొట్టలో నింపే పేస్ట్, మొహానికి పౌడర్ మాదిరి ఉండాల అనేటోడు, రేకు సరిగ్గా కొట్టకుండా లప్పం మందంగా పెట్టినామంటే గీకించి మళ్ళీ మొదట్నించీ కొట్టించేటోడు. షార్జాకు పోయినాక ఆ చదువంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. అక్కడ గ్యారేజీలో పొద్దున వచ్చిన బండి సాయంత్రానికి పెయింట్ బూత్‌లో ఉండాల, ఫోర్‌మన్ గడియారం చూసుకుంటా నిలబడతాడు, సొట్టను సగం లాగి మిగతాది పేస్ట్‌తో నింపేసి శాండింగ్ చేసి పంపించడమే. బయటికి అద్దం మాదిరి ఉంటాది, లోపల ఏముందో నాకు తెలుసు. రాత్రి రూముకొచ్చి పడుకుంటే అదే గుర్తొచ్చేది, నేను నేర్చుకునింది ఇదేనా అని.

రూములో ఎనిమిది మందిమి, పీలేరు, రాయచోటి, కడప అందరూ మనోళ్ళే, శుక్రవారం వస్తే తొమ్మిదింటి దాకా నిద్ర, గుడ్డలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్లు, మధ్యాన్నం ఎవరో ఒకరు కోడికూర, సంగటి చేస్తే అదే పండగ. 2014లో ఒక దినం మా గ్యారేజీకి ఒక పెద్దాయన కారు డోర్‌కు సొట్ట తీయించుకోవడానికి వచ్చినాడు. గుజరాతీ మనిషి, పుట్టి పెరిగింది కెన్యా నైరోబీలో, దుబాయ్‌లో లెక్కల పని చేసి రిటైర్ అయినాడు. నేను డోర్ లోపలి నుంచి డాలీ, అంటే రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మె, పెట్టి నిదానంగా కొట్టేది చూసి, ఫోర్‌మన్ అట్ల పోయినాక దగ్గరికొచ్చి హిందీలో అడిగినాడు, బేటా, పేస్ట్ లేకుండా ఉత్త రేకు పని చేయగలవా అని. చేయగలను సేఠ్ అన్నాను. ఆ మాట నన్ను అడిగి ఎన్నేండ్లయిందో.

ఆ శుక్రవారం ఆయన తీసుకుపోయిన షెడ్డులో కవర్ తీసి చూపించినాడు. ముందర పొడుగు బానెట్, వెనక చిన్న తోక, మొత్తం నేలకు అంటుకున్నట్టు, పరిగెత్తే ముందు వంగి నిలబడిన మనిషి మాదిరి ఉన్నింది. రంగు మాత్రం పోయి, నాలుగు టైర్లలో గాలి లేకుండా పడుండాది. డాట్సన్ అనే పేరు నాకు అప్పటికి తెలిసింది ఒక్కరకంగానే, అదే ఏడాది మన పక్కనే శ్రీపెరంబుదూరు తావ ఒరగడంలో డాట్సన్ గో అని చిన్న కారు చేయడం మొదలుపెట్టినారు, ఊర్లో మా బావమరిది దాన్ని కొనాలని ఫోన్లో చెప్తా ఉన్నాడు. ఆ పేరుతో ఇట్లాంటి బండి ఉన్నిందని నాకేం తెలుసు.

సేఠ్ కూర్చోబెట్టి చెప్పినాడు. ఈ బండి జపాన్‌లో 1969 చివర్లో బయటికొచ్చింది, అక్కడ దాని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. అమెరికాలో కంపెనీని చూసుకునే యుటాకా కటయామా అనే ఆయన, మిస్టర్ కె అంటారంట, ఈ పేరుతో స్పోర్ట్స్ కారు ఇక్కడ ఎవరు కొంటారు అని పేరు బ్యాడ్జీలు తీయించేసి 240 జెడ్ అని పెట్టించినాడంట. 240 అంటే 2.4 లీటర్ల ఇంజన్ అని. ధర 3,526 డాలర్లు, ఆ డబ్బుకు ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ కారు ఎవరిస్తారు, జనం ఎగబడి కొన్నారు. ఆ కటయామా గారు 105 ఏండ్లు బతికి 2015లో పోయినారు, మేము అప్పటికి ఫ్లోర్ పని మధ్యలో ఉన్నాము, సేఠ్ ఆ దినం పనాపి అందరికీ కరక్ చాయ్ తెప్పించి ఆయన గురించే మాట్లాడినాడు.

కానీ సేఠ్‌కు ఆ బండి మీద ప్రేమ పుట్టింది అమెరికా వల్ల కాదు. ఈస్ట్ ఆఫ్రికా సఫారీ ర్యాలీ అని అడవుల్లో, బురదల్లో, దుమ్ములో దినాల తరబడి నడిచే పోటీ ఉండాది, 1971లో ఎడ్గర్ హెర్మన్ 240 జెడ్‌తో గెలిచినాడు, 1973లో అదే మోడల్ బండితో శేఖర్ మెహతా గెలిచినాడు. మెహతా అంటే ఉగాండాలో పుట్టిన భారతీయుల బిడ్డ. ఆ పోటీలో ఇంకో డాట్సన్ నడిపిన హ్యారీ కాల్‌స్ట్రోమ్‌కు, ఈయనకు పాయింట్లు సమానం వస్తే రూల్ చూసి మెహతాను గెలిపించినారు. ఆ తర్వాత ఇంకో నాలుగు సార్లు, మొత్తం ఐదు సార్లు గెలిచినాడు. సేఠ్ అప్పుడు పిల్లోడు, వాళ్ళ నాయన భుజాలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఎర్ర బండి, నల్ల బానెట్ దుమ్ములోంచి దూసుకుపోయేది చూసినాడంట. మన మనిషి వేరే దేశంలో అందరి ముందర గెలిచినాడు బేటా అని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయింది. నాకు అర్థమైంది, పరదేశంలో బతికే ప్రతి ఒక్కనికీ అర్థమయ్యే మాటే అది.

బండిని కాలిఫోర్నియా నుంచి కంటైనర్లో తెప్పించినాడు. అక్కడ వానలు తక్కువ, తుప్పు తక్కువ ఉంటాదని. ఉన్నంతలో నయమే కానీ ఈ బండ్లకు తుప్పు పట్టే తావులు కొన్ని ఉండాయి, యాడి బండైనా అక్కడే తింటాది. మొదటిది బ్యాటరీ కింద ట్రే, నలభై ఏండ్లు యాసిడ్ చుక్కలు చుక్కలుగా కారి ట్రేను తిని, దాని కింద ఛాసిస్ పట్టీలోకి దిగింటాది. తర్వాత కాళ్ళ కింద ఫ్లోర్, డోర్ కింద పట్టీ, ముందర ఫెండర్ వెనక కింది మూల, అక్కడ మట్టి చేరి తడి ఆరదు. డోర్ వెనక, వెనక చక్రానికి ముందు వంపు తిరిగిన తావు ఉండాదే, అక్కడ అయస్కాంతానికి గుడ్డ చుట్టి పెట్టి చూసినాను, అంటుకోలా. అంటే లోపల రేకు లేదు. గీకితే బొటనవేలంత మందం పేస్ట్ ఊడొచ్చింది, దాని వెనక చేతికి ఉత్త గాలి. ఎవరో ఎప్పుడో నా మాదిరే ఫోర్‌మన్ ముందర నిలబడి సాయంత్రానికి ముగించేసింటాడు. వాణ్ణి తిట్టాలనిపించలేదు నాకు, వాని చేయి నా చేయే.

ఇంక రేకు పని. లారీ రేకు మందం, ఎంత కాల్చినా ఓర్చుకుంటాది. ఈ బండి రేకు ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు, వెల్డింగ్ గీత ఏకంగా లాగినామంటే వేడికి అప్పడం మాదిరి అలలు తిరిగిపోతాది. కాబట్టి ప్యాచ్ ముక్కను అంచుకు అంచు సరిగ్గా ఆనేటట్టు కోసుకుని, చుక్కలు చుక్కలుగా పెట్టుకుంటా పోవాల, ఒక చుక్క ఇక్కడ పెడితే ఇంకో చుక్క జానెడు అవతల, మళ్ళీ మధ్యలో, మధ్యలో చల్లారనివ్వాల, చుక్కలన్నీ కలిసి గీత అయ్యేసరికి ఒక శుక్రవారం అయిపోతాది. ఉబ్బిన తావును గ్యాస్ మంటతో రూపాయి బిళ్ళంత ఎర్రగా కాల్చి, చుట్టూ నాలుగు దెబ్బలు సుత్తితో కొట్టి తడి గుడ్డ పెడితే రేకు దానికదే లోపలికి గుంజుకుంటాది. ఈ విద్య మేస్త్రీ నేర్పిందే, షార్జాలో ఐదేండ్లు వాడకుండా ఉన్నింది. మొదటి దినం చేయి వణికింది, రెండో శుక్రవారానికి చేతికి అదే గుర్తొచ్చింది. అర చేయి ఆనించి కండ్లు మూసుకుని రాసుకుంటా పోతే మిట్ట పల్లం కంటికంటే ముందు చేతికే తెలుస్తాది.

ఒక్కణ్ణే కాదులే, పెషావర్ నుంచి వచ్చిన పఠాన్ భాయ్ ఇంజన్, వైరింగ్ చూసుకున్నాడు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పెయింటర్ ఒకడు. ముగ్గురికీ వచ్చిన హిందీ మూడు రకాలు, అయినా వాదులాటకు ఏమీ తక్కువ లేదు. పఠాన్ భాయ్‌కు కొత్త కాలం టర్బో ఇంజన్ దించేయాలని కోరిక. సేఠ్ ఒప్పుకోలా, ఇంజన్ పోతే మిగిలేది రేకు డబ్బా అన్నాడు. చివరికి కుదిరిందేమంటే బండి గుణం మారకుండా, ఈ రోడ్ల మీద ప్రాణానికి భద్రంగా ఉండేటట్టు మారుద్దామని. అసలుది నాలుగు గేర్ల పెట్టె, తర్వాత వచ్చిన 280 జెడ్‌ఎక్స్ ఐదు గేర్ల పెట్టె వేసినాము. స్పార్క్ కోసం ఉండే పాత రకం పాయింట్లు తీసేసి అదే 280 జెడ్‌ఎక్స్ ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ పెట్టినాము. ముందర బ్రేకులకు టయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కాలిపర్లు, అంటే బ్రేకు డిస్కును నొక్కి పట్టేవి, నాలుగు పిస్టన్లవి, వెనక్కాల దుమ్ము రేకు కొంచెం కోస్తే అట్లే బిగిసిపోతాయి, అమెరికాలో ఈ బండోళ్ళు ఎప్పట్నించో చేసే పనే. షార్జాలో పాత టయోటా పికప్ సామాన్లకు ఏం కరువు!

ఇంజన్ ఎల్24, ఆరు సిలిండర్లు వరసగా. పఠాన్ భాయ్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వుల సందు, గాలి లోపలికి తీసుకునేదానికి 0.20, పొగ బయటికి వదిలేదానికి 0.25 మిల్లీమీటర్లు పెట్టి, రెండు కార్బొరేటర్లను ట్యూన్ చేసేటప్పుడు రబ్బరు పైపు ఒక కొస చెవిలో పెట్టుకుని ఇంకో కొస ఒక్కో కార్బొరేటర్ మూతి దగ్గర పెట్టి వినేటోడు, రెండింటి బుస ఒకే మాదిరి వినపడేదాకా మేమెవరూ నోరు తెరవకూడదు. మా ఊర్లో నాదస్వరం ఆయన పీక సరి చేసుకునేటప్పుడు ఇంతే నిశ్శబ్దం.

ఎండాకాలం వచ్చిందంటే మాత్రం కష్టం. పొద్దున ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేయాల, ఆ పైన ఎండలో ఉన్న స్పానర్ పట్టుకుంటే చేయి కాలుతాది. ఆ ఇంజన్లో కార్బొరేటర్లు, ఎగ్జాస్ట్ ఒకే పక్కన, ఒకటి పైన ఒకటి కింద. అందుకని బండి కాసేపు తిరిగి ఆపితే కింది వేడికి పైన కార్బొరేటర్ గిన్నెల్లో పెట్రోలు ఉడికిపోయి మళ్ళీ స్టార్ట్ చేస్తే దగ్గుతా ఉంటాది. అల్యూమినియం రేకుతో మధ్యలో అడ్డం నేనే చేసినాను, పెట్రోలు పైపుకు వేడి తగలని తొడుగు వేసినాము, తగ్గింది, పూర్తిగా పోలా.

2016లో గ్యారేజీలో మూడు నెలలు జీతం రాలేదు. ఇంట్లో మా చెల్లెలి పెండ్లి, పోలేకపోయినాను, డబ్బులూ పంపలేకపోయినాను. అప్పు ఇచ్చినోళ్ళు మా నాయన దగ్గరికి వచ్చి నిలబడినారు. ఆ టైంలో మా ఇంటామె ఫోన్లో అడిగింది, పైసా రాని పనికి సెలవు దినం కూడా పోతావా, ఆ పొద్దు పడుకోవచ్చు కదా అని. తప్పు మాట కాదు ఆమెది. నేను చెప్పినాను, మిగతా ఆరు దినాలు నేను చేసేది చూస్తే మేస్త్రీ మొహం తిప్పుకుంటాడు, ఈ ఒక్క దినం పని ఆయన్ను పిలిచి చూపించొచ్చు, ఇది కూడా పోతే నేను ఇక్కడ ఎవరినో నాకే తెలియదు అని. శానా సేపు మాట్లాడలేదు ఆమె, తర్వాత ఫోటో పంపు చూస్తాను అనింది. బ్యాటరీ ట్రే ఫోటో పంపినాను. చిన్న ట్రే, కొత్త రేకుతో నేను వంచి చేసింది, ఏం అర్థమైందో గానీ బాగుండాది అనింది.

అసలు రంగు కార్పెట్ కింద దొరికింది, 918 నంబరు ఆరెంజ్. పెయింటర్ అదే వేసినాడు. సేఠ్‌కు ఎరుపు, నలుపు వేసుకోవాలని లోపల ఉన్నింది, మేమూ అదే అనుకున్నాము, కానీ ఆయనే వద్దన్నాడు, అది గెలిచినోళ్ళ రంగు, ఈ బండి రంగు ఇది అని. 2017 డిసెంబర్లో ఖోర్ ఫక్కాన్ కొండల దారిలో మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పోయినాడు. మూడో గేర్లో ఎత్తు ఎక్కుతా ఉంటే ఆరు సిలిండర్ల గొంతు కొండకు తగిలి మళ్ళీ మా మీదికే వస్తా ఉండాది. నేను మాత్రం డోర్ పక్క చేయి పెట్టుకుని రేకు యాడైనా అదురుతుందా అని చూస్తా కూర్చున్నాను. అదరలేదు.

2019లో ఊరికి వచ్చేసేటప్పుడు సేఠ్ డబ్బు ఇవ్వబోతే తీసుకోలా, తన సుత్తులు, డాలీల పెట్టె ఇచ్చినాడు, అది తీసుకున్నాను. ఇప్పుడు చిత్తూర్లో వేలూరు రోడ్డు పక్కన నాది సొంత షెడ్డు, ఇద్దరు పిల్లోళ్ళు నేర్చుకుంటా ఉండారు. ఒరగడం డాట్సన్‌ను 2022లో ఆపేసినారు, మా బావమరిది బండి మాత్రం నా దగ్గరికే వస్తాది.

పోయిన నెల పాకాల నుంచి ఒకాయన పాత ప్రీమియర్ పద్మినిని ట్రాక్టర్ వెనక కట్టుకుని లాక్కొచ్చినాడు, వాళ్ళ నాయన పెండ్లికి కొన్న బండి అంట, చింతచెట్టు కింద పదిహేనేండ్లు నిలబడింది. ఎన్ని దినాలు పడుతుందన్నా అని అడిగినాడు. మ్యాట్ ఎత్తి డ్రైవర్ కాళ్ళ కింద స్క్రూడ్రైవర్‌తో తట్టి చూస్తే అవతల నేల కనపడింది. పిల్లోళ్ళను పిలిచి అయస్కాంతానికి గుడ్డ చుట్టి తెమ్మన్నాను, ఆయనకు చెప్పినాను, అన్నా, ఇది వారం దినాల్లో అయ్యే పని కాదు, ఆదివారాలు మాత్రం చేస్తాను, ఒప్పుకుంటే పెట్టిపో అని. ఆయన ట్రాక్టర్ తాడు విప్పుకోవడం మొదలుపెట్టినాడు.