దీపం ఆమెది, ఏర్పాట్లు నావి: జెరూసలేంలో నా అనుభవం

ఇజ్రాయెల్‌కు కేర్‌గివర్ పనికి వచ్చే మనవాళ్లకు బయల్దేరే ముందు చాలానే నేర్పిస్తారు. మనిషిని మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలి, బీపీ, షుగర్ ఎలా చూడాలి, నొప్పి, మందు, నీళ్లు లాంటి మాటల్ని హీబ్రూలో ఏమంటారు, ఇలా. యూదుల విశ్రాంతి దినం షబ్బాత్ మొదలయ్యే శుక్రవారం గురించి మాత్రం నాకు చెప్పింది ఒక్క ముక్క: "సాయంత్రం నుంచి వాళ్లు స్విచ్‌లు ముట్టుకోరు, జాగ్రత్త." ఆచారాలు గట్టిగా పాటించే ఇంట్లో పడ్డాక తెలిసింది, వారమంతా చేసే చాకిరీ ఒక ఎత్తు, శుక్రవారం దీపాలు వెలిగేదాకా పడే హడావుడి ఒక ఎత్తు అని.

నేను చూసుకునే పెద్దావిడకు ఎనభై దాటాయి. పార్కిన్సన్స్. ఇంట్లో అందరూ 'సవ్తా', అంటే అమ్మమ్మ, అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. వంట మానేసింది, నడక చాలావరకు మానేసింది, శుక్రవారం దీపాలు మాత్రం ఎవరికీ వదల్లేదు. నేను చేరిన వారమే పెద్ద కూతురు వచ్చి వంటగదిలో నిలబెట్టి చెప్పింది: "నూనె నువ్వు పోయి, ఒత్తులు నువ్వు వెయ్యి, అగ్గిపెట్టె నువ్వు అందించు. వెలిగించేది మాత్రం అమ్మే." యూదులు కానివాళ్లు వెలిగిస్తే ఇల్లు వెలుగుతుంది కానీ విధి తీరదట. ఆ విధి ఇంట్లో ముందుగా ఆడవాళ్లది. ఆడవాళ్లు లేని ఇంట్లో మగవాళ్లూ వెలిగించాల్సిందే.

మాది పశ్చిమ గోదావరి. చిన్నప్పటి నుంచీ చర్చిలో పెరిగినదాన్ని కాబట్టి ఒక అనుమానం పీకుతూనే ఉండేది. నిర్గమకాండం 35వ అధ్యాయంలో విశ్రాంతి దినాన మీ ఇళ్లలో నిప్పు రాజెయ్యొద్దని ఉంది కదా, మరి ఈ దీపాలేమిటి? ఓసారి కూతుర్నే అడిగేశాను. ఆవిడ నవ్వి, ఇది చాలా పాత గొడవ అంది. ఆ రోజు కొత్తగా నిప్పు ముట్టించకూడదు, ముందే వెలిగించి ఉంచిన దీపం దాని మానాన అది వెలగొచ్చు అని రబ్బీలు, అంటే వాళ్ల మతగురువులు, అర్థం చెప్పారు. కరాయీలు అనే యూదుల శాఖ మాత్రం ఇంట్లో మంటే ఉండకూడదని పట్టుబట్టి ఆ రాత్రి చీకట్లోనే గడిపేదట. నిజానికి షబ్బాత్ దీపం వెలిగించాలని బైబిల్లో ఎక్కడా లేదు. అది రబ్బీలు పెట్టిన విధి. చీకట్లో తడుముకుంటూ, ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ తింటే ఇంట్లో శాంతి ఎక్కడిది అన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. చేతిలో ఉన్న డబ్బు దీపానికో, ద్రాక్షారసానికో ఒక్కదానికే సరిపోతే దీపమే కొనమని తల్ముద్ అనే వాళ్ల పాత ధర్మగ్రంథంలో ఉందట. నాకు ఈ మాట బాగా నచ్చింది. పేదింటి లెక్క తెలిసినవాళ్లే రాసి ఉంటారు.

దీపాలు రెండు. పది ఆజ్ఞలు బైబిల్లో రెండు చోట్ల వస్తాయి. ఒకచోట విశ్రాంతి దినాన్ని జ్ఞాపకముంచుకోమని, ఇంకోచోట ఆచరించమని ఉంటుంది. ఆ రెండింటికీ రెండు. కొన్ని ఇళ్లలో పిల్లలు పుట్టినప్పుడల్లా ఒకటి పెంచుకుంటూ పోతారు. సవ్తా రెండే వెలిగిస్తుంది.

టైం సంగతి మొదట్లో నన్ను బాగా తికమక పెట్టింది. టెల్ అవీవ్‌లో పనిచేసే నా స్నేహితురాలి ఇంట్లో సూర్యుడు అస్తమించడానికి ఇంకో 20 నిమిషాలు ఉందనగా వెలిగిస్తారు. చాలా దేశాల్లో 18 నిమిషాలు. జెరూసలేంలో మాత్రం 40 నిమిషాల ముందే! ఇది ఈ ఊరి ఆచారం. డిసెంబర్‌లో అయితే సాయంత్రం నాలుగింటికల్లా అయిపోవాలి, జూన్‌లో ఏడు దాటినా ఫర్వాలేదు. ఆ వేళకి ఊరంతా వినబడేలా సైరన్ మోగుతుంది. కొత్తవాళ్లకు గుండె ఆగినంత పని అవుతుంది. రాకెట్ల సైరన్ పైకీ కిందికీ ఊగుతుంది, ఇది ఒకే స్థాయిలో సాగుతుంది. ఆ తేడా చెవికి పట్టేదాకా టెన్షన్ తప్పదు.

చలికాలంలో మధ్యాహ్నం నిద్రే ఉండదు. సవ్తాకు స్నానం, మంచి బట్టలు, రెండింటి మందులు, అన్నం వేడిగా ఉండటానికి ప్లాటా అనే పళ్లెంలాంటి హీటర్ ఆన్ చెయ్యడం, లైట్లు వాటంతటవే ఆరిపోయేలా టైమర్ పెట్టడం, ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల బల్బు వెలగకుండా చూడటం. ఇవన్నీ చేత్తో చేసే పనులే, అలవాటైపోతాయి. నాకు తెలియక తంటాలు పడింది దీపం దగ్గరే.

సవ్తా మైనం కొవ్వొత్తులు వాడదు, ఆలివ్ నూనే కావాలంటుంది. నూనె ఒత్తిలోకి సాఫీగా ఎక్కాలి, మంట నిలకడగా ఉండాలి, ఏ నూనె పనికొస్తుంది, ఏ ఒత్తి పనికిరాదు అని తల్ముద్‌కు మూలమైన మిష్నాలో ఒక అధ్యాయమే ఉంది. అందులో ఆలివ్ నూనెది మొదటి వరస. చిన్న గాజు గ్లాసుల్లో రాత్రి భోజనం దాటి వెలిగేంత నూనె పోస్తాను. భోజనం సగంలో ఉండగా దీపం కొండెక్కితే వెలిగించిన ఉద్దేశమే పోయినట్టు.

అసలు చిక్కు ఆవిడ చెయ్యి. ఒత్తికి నిప్పు తగిలించగానే చెయ్యి తీసేస్తే చాలదు. పైకి కనబడే ఒత్తిలో ఎక్కువ భాగం అంటుకునేదాకా ఉంచాలని నియమం. వణికే చేతికి ఆ రెండు మూడు క్షణాలే గండం. అగ్గిపుల్ల పక్కకు పోయేది, లేదా ఒత్తి నూనెలో మునిగి చుయ్యిమని ఆరిపోయేది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేవి. కూతురు తమ రబ్బీకి ఫోన్ చేసింది. నన్ను పక్కన పెట్టుకుని స్పీకర్‌లోనే మాట్లాడింది. ఆయన చెప్పింది చాలా సింపుల్: మోచేతి కింద ఆసరా ఇవ్వండి, పుల్ల పట్టుకునేది, ఒత్తి దాకా తీసుకెళ్లేది మాత్రం ఆవిడ వేళ్లే కావాలి. ఇంకో చిట్కా కూడా చెప్పాడు. ఒత్తుల్ని ముందే ఒకసారి వెలిగించి ఆర్పేసి ఉంచితే కొస నల్లబడి, రెండోసారి నిప్పు చూపించగానే పట్టుకుంటుంది. ఇది వాళ్ల పాత ధర్మశాస్త్రంలో ఉన్న ఆచారమేనట! ఆ నల్లకొస పని ఇప్పుడు నాది. చిన్న అగ్గిపుల్ల బదులు పొడుగు పుల్లలు కొన్నాం. ఆ వారం నుంచి గొడవ లేదు.

వెలిగించే తీరు దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. ముందు గూట్లో ఉన్న దానధర్మాల డబ్బాలో ఒక నాణెం వేస్తుంది. చున్నీలాంటి తెల్లగుడ్డ తలమీద వేసుకుంటుంది. నేను పుల్ల గీసి అందిస్తాను. ఒకటి, రెండు, అంటుకున్నాయి. పుల్లని మాత్రం ఊది ఆర్పదు. దీపాలు వెలిగించడంతో ఆవిడకు విశ్రాంతి దినం మొదలైపోతుంది, ఆర్పడం నిషేధం. అందుకే కింద రేకు పళ్లెంలో పడుకోబెడుతుంది, అదే కాలి ఆరిపోతుంది. తర్వాత అరచేతుల్ని దీపాల మీదుగా మూడుసార్లు తన వైపు తిప్పుకుని, కళ్లు మూసుకుని చదువుతుంది: "బారుఖ్ అతా అదోనాయ్ ఎలోహేను మెలెఖ్ హాఓలామ్, అషెర్ కిద్దెషాను బెమిత్స్వొతావ్, వెత్సివ్వాను లెహద్లిక్ నేర్ షెల్ షబ్బాత్." షబ్బాత్ దీపం వెలిగించమని ఆజ్ఞాపించిన దేవునికి స్తోత్రం అని.

కళ్లెందుకు మూసుకోవడం? మామూలుగా ఏ పనికైనా స్తోత్రం ముందు, పని తర్వాత. ఇక్కడ స్తోత్రం చదివేస్తే షబ్బాత్ వచ్చేసినట్టే, ఇక పుల్ల ముట్టుకోకూడదు. కాబట్టి ముందు వెలిగించి, ఆ వెలుగు చూడకుండా కళ్లు మూసుకుని చదివి, అప్పుడు చేతులు తీసి చూస్తారు. అష్కెనజీల, అంటే యూరప్ నుంచి వచ్చినవాళ్ల పద్ధతి ఇది. మా ఎదురింటివాళ్లు మొరాకో వైపు సెఫార్దీలు. ఆవిడ ముందు స్తోత్రం చదివి తర్వాతే వెలిగిస్తుంది, కళ్లూ మూసుకోదు. ఒకే మెట్ల వరండాలో రెండు తలుపుల వెనక రెండు పద్ధతులు. ఎవరిది వాళ్లకి సరైనదే, మార్చమంటే మాత్రం ఇద్దరూ ఒప్పుకోరు.

స్తోత్రం అయ్యాక సవ్తా చేతులు వెంటనే తీయదు. పిల్లల పేర్లు, మనవల పేర్లు గొణుగుతుంది. ఆ మధ్య మా అమ్మ పేరు వినబడింది. మోకాళ్ల ఆపరేషన్ అని నేనే చెప్పాను ఆవిడకు.

వెలిగాక దీపాలు, కింద పళ్లెం ఎవరూ జరపకూడదు. కిటికీ పక్కన పెట్టి, తర్వాత గాలి వస్తోంది జరుపుదాం అంటే కుదరదు. కర్టెన్లు, కాగితం నాప్కిన్లు, సవ్తా చున్నీ కొసలు, అన్నీ ముందే చూసుకోవాలి. కూతురు నాకు ఒకటే చెప్పింది: "ప్రాణం మీదికి వస్తే ఏ నియమమూ లేదు. నువ్వే కాదు, నేనున్నా ఆర్పేస్తాను, 102కి ఫోన్ కూడా చేస్తాను." అగ్నిమాపకం 102, అంబులెన్స్ 101. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించాను.

మిగతా చిన్నచిన్న పనులకు వాళ్లు నన్ను నేరుగా అడగరు. "లైటు ఆర్పు" అనదు సవ్తా. గోడకేసి చూస్తూ, "ఇవాళ గది మరీ వెలుతురుగా ఉంది, నిద్ర పట్టేట్టు లేదు" అంటుంది. జబ్బుమనిషి కాబట్టి నేరుగా అడగొచ్చని రబ్బీ చెప్పినా సరే, అలవాటు పోదు కదా. వంటగదిలో నా కోసం నేను లైటు వేసుకుంటే ఆ వెలుగులో ఆవిడ కూర్చోవచ్చు. అందుకని నేనే ఏదో ఒక పని పెట్టుకుని వేసుకుంటాను.

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడకు ఊపిరి అందలేదు. అంబులెన్స్‌లో తీసుకెళ్లాం, న్యుమోనియా అన్నారు. ఆ సాయంత్రం దీపం లేదు. తెలివి తేరుకున్నాక ఆవిడ దిగులంతా దాని మీదే. ఒక్క శుక్రవారం మానేసినా బతికున్నంతకాలం ప్రతివారం ఒక దీపం ఎక్కువ వెలిగించాలని అష్కెనజీల్లో ఒక ఆచారం ఉంది. రబ్బీ ఫోన్‌లో సర్దిచెప్పాడు: అది అశ్రద్ధతో మానేసినవాళ్లకు, గత్యంతరం లేనివాళ్లకు కాదు.

తర్వాతి శుక్రవారానికీ వార్డులోనే ఉన్నాం. పక్కన ఆక్సిజన్, అగ్గిపుల్ల మాటే ఎత్తకూడదు. బల్బు పనికొస్తుందా అని మళ్లీ ఫోన్. లోపల తీగ ఎర్రగా కాలే పాతరకం బల్బు ఉన్న బ్యాటరీ టార్చి అయితే స్తోత్రంతో సహా వెలిగించొచ్చు అన్నాడు. ఆ తీగ నిప్పు కిందే లెక్క, పైగా బ్యాటరీలో కావలసిన శక్తంతా ముందే ఉంటుంది, గ్లాసులో నూనె ఉన్నట్టు. గోడ ప్లగ్గులో కరెంటు అప్పటికప్పుడు వస్తూ ఉంటుంది కాబట్టి దాని మీద స్తోత్రం చదవొచ్చా అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయట. ఎల్‌ఈడీలో ఆ తీగే ఉండదు. రెండు టార్చీలు కావాలా అని నేనే అడిగాను. విధి ఒక్క దీపమే, రెండోది ఆచారం అన్నాడు.

ఈ రోజుల్లో తీగ బల్బు టార్చి ఎక్కడ దొరుకుతుంది? ఏ షాపులో చూసినా ఎల్‌ఈడీలే. చివరికి అల్లుడు వాళ్ల స్టోర్‌రూంలో తుప్పు పట్టినదాన్ని వెతికి తెచ్చాడు. స్విచ్ బిగుసుకుపోయింది. సవ్తా రెండు బొటనవేళ్లతో నొక్కితే గానీ ముందుకు జరగలేదు. పసుపురంగు వెలుగు దుప్పటి మీద పడింది, ఆవిడ కళ్లు మూసుకుని మామూలుగానే అంతా చదివింది. పక్క మంచం ఆవిడకు కళ్లలో పడుతోందని నేను మధ్యలో తెర లాగాను.

ఇంటికి వచ్చాక ఆక్సిజన్ మిషన్ కూడా వెంట వచ్చింది. మంటకు కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలని అమర్చడానికి వచ్చినతను గట్టిగా చెప్పాడు. దీపం ఉండాల్సింది భోజనం చేసే చోట. మంచం ఉన్న గదిలోనే తినే ఏర్పాటు చేసి ఉన్నాం కాబట్టి టేప్ పెట్టి కొలిచి, బల్లని మళ్లీ హాల్లోకి మార్చాం. వెలిగించేటప్పుడు ట్యూబ్ తీసి, మిషన్ ఆపి, ఆవిణ్ని చక్రాల కుర్చీలో బల్ల దగ్గరికి తీసుకెళ్తాను. అంతసేపు తీసినా ఫర్వాలేదని డాక్టరును అడిగి తెలుసుకున్నాకే ఇది మొదలుపెట్టాం. ఇదంతా షబ్బాత్ మొదలుకాక ముందు జరగాలి కాబట్టి సైరన్‌కు అరగంట ముందు నుంచే కదులుతాం. ఒకవేళ ఆలస్యమైనా జెరూసలేంలో సూర్యాస్తమయం దాకా వ్యవధి ఉంటుంది. అది దాటిపోతే మాత్రం వెలిగించకూడదు. దీపం లేని షబ్బాత్ కన్నా షబ్బాత్‌లో నిప్పు ముట్టించడం పెద్ద తప్పు.

మొన్న పాలకొల్లు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, రేపు శుక్రవారం, నేనేం చెయ్యాలి?" అని. ముందు ఆ ఇంటివాళ్లు అష్కెనజీలో, సెఫార్దీలో కనుక్కోమన్నాను. తర్వాత దీపాలు పెట్టే చోటికి కర్టెన్ ఎంత దూరంలో ఉందో చూడమన్నాను.